ఫలక్‌నుమా ఛాయాచిత్రాలు – తొలినాటి ముద్రణ పద్ధతులు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆరవ నిజాం కాలపు హైదరాబాదు చరిత్రను రాసేవారికి రాజా దీన్ దయాళ్ ఛాయాచిత్రాలు ముఖ్యమైన ఆకరాలు. ఫలక్‌నుమా వంటి ప్రాసాదాల తొలిరూపం నేటి పాఠకునికి ఎక్కువగా ఆ చిత్రాల ద్వారానే పరిచయం. అయితే పరిశోధకులు చూస్తున్నవి చాలావరకు ఆనాటి ముద్రలు కావు. వాటికి తరువాతి కాలంలో తీసిన ప్రతులు. గుడ్డు తెల్లసొన, వెండి లవణం, ఎండ, బంగారం, నీరు కలిసి తయారైన మూలముద్రకూ, తెరమీద కనిపించే ప్రతికీ మధ్య అర్థభేదం ఉంది. ఆ భేదాన్ని గుర్తించాలంటే పాత ముద్రణ పద్ధతుల గురించి చదవడంతో పాటు, కొంతవరకైనా స్వయంగా చేసి చూడటం అవసరమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ అభ్యాసాన్ని హైదరాబాదు పరిస్థితుల్లో ఎలా మొదలుపెట్టవచ్చో కూడా ఇందులో వివరించడం జరిగింది.

కీలకపదాలు: ఫలక్‌నుమా, రాజా దీన్ దయాళ్, తెల్లసొన ముద్ర, నీలిముద్ర, ఉప్పుకాగితం, ఆకర పరిశీలన, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

చార్మినారుకు దక్షిణాన కొండమీద ఉన్న ఫలక్‌నుమా ప్రాసాదానికి 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. దానిని కట్టించినవారు పాయెగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా. ఆయన తరువాత నిజాం రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యారు. 1897లో ప్రాసాదం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వశమైంది. 1911లో ఆ నిజాం మరణించింది కూడా ఇక్కడే. 2010 నుంచి ఇది హోటలుగా నడుస్తోంది. పారసీకంలో 'ఫలక్' అంటే ఆకాశం, 'నుమా' అంటే చూపేది. ఆకాశాన్ని చూపే అద్దం అన్న అర్థంలో ఈ పేరును వివరించడం వాడుకలో ఉంది.

ఈ పేరును మనసులో ఉంచుకొని ఆ కాలపు కట్టడాల ఛాయాచిత్రాలను చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భవనం స్తంభాలు, మెట్లు, కిటికీల చెక్కడాలు స్పష్టంగా ఉంటాయి. పైన ఆకాశం మాత్రం ఖాళీ కాగితంలా తెల్లగా ఉంటుంది. మబ్బు తునక ఉండదు. అది ఆనాటి వాతావరణానికి సాక్ష్యమా, ఛాయాగ్రాహకుని అభిరుచా, లేక ఫలకానికున్న పరిమితా? ఈ ప్రశ్నకు జవాబు చిత్రంలో దొరకదు. చిత్రం తయారైన పద్ధతిలో దొరుకుతుంది.

తెలుగు పరిశోధనకు ఈ రకమైన ఆలోచన కొత్తది కాదు. తాళపత్ర ప్రతిని చేతపట్టిన పరిష్కర్త మొదట అది మూలమా, ప్రతికి ప్రతియా అని అడుగుతాడు. లేఖకుని అలవాట్లు, ఆకు స్థితి, పాఠభేదాలు పరిశీలించిన తరువాతనే పాఠాన్ని నిర్ణయిస్తాడు. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు మనకు నేర్పిన క్రమశిక్షణ ఇదే. ఛాయాచిత్రం విషయంలో మాత్రం ఆ క్రమశిక్షణను పక్కన పెట్టి, దొరికిన ప్రతిని దొరికినట్టే ఆధారంగా చూపడం పరిపాటి అయింది.

2. దీన్ దయాళ్ – హైదరాబాదు:

లాలా దీన్ దయాళ్ (1844–1905) మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్ ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో చేరారు. 1874 ప్రాంతంలో ఛాయాగ్రహణం చేపట్టారు. కట్టడాల కొలతలు, నక్షాలు తెలిసిన ఉద్యోగి కావడం వల్ల ఆయన తీసిన ప్రాసాదాల చిత్రాల్లో నిలువు గీతలు నిలువుగా, అంతస్తుల నిష్పత్తి చెదరకుండా ఉంటాయి.

1880ల నడుమ ఆయన హైదరాబాదు వచ్చారు. 1886లో సికింద్రాబాదులో, 1896లో బొంబాయిలో స్టూడియోలు తెరిచారు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయనకు 1894లో 'రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్' బిరుదు లభించింది. 1897లో విక్టోరియా రాణి ఛాయాగ్రాహకునిగా నియామకం పొందారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. నిజాం రాజ్య దృశ్యాలతో కూడిన 1892 నాటి ఆల్బమ్ కర్జన్ సేకరణలో భాగంగా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

అంటే నెగటివ్‌లు ఒకచోట, ఆనాటి ముద్రలు వేరొకచోట ఉన్నాయి. నెగటివ్‌ను తల్లిప్రతి అనుకుంటే, ముద్ర దానినుంచి దిగిన పిల్లప్రతి. కాని ఛాయాచిత్రంలో తల్లిప్రతి ఒక్కటే సంపూర్ణ పాఠం కాదు; ఛాయాగ్రాహకుడు నవాబుల చేతికి అందించిన రూపం ముద్రే. పైగా ఒకే ఛాయాగ్రాహకుని చిత్రాలు వేర్వేరు పద్ధతుల్లో ముద్రణ పొందాయి. సర్ లెపెల్ గ్రిఫిన్ వ్యాఖ్యతో 1886లో లండన్‌లో వెలువడిన మధ్యభారత కట్టడాల గ్రంథంలో దీన్ దయాళ్ చిత్రాలు 89 ఉన్నాయి. అవి ఆటోటైప్ కంపెనీ తయారుచేసిన కార్బన్ ముద్రలు. అదే కాలంలో ఆల్బమ్‌లలోకి వెళ్లిన ఆయన చిత్రాలు ఎక్కువగా తెల్లసొన ముద్రలు. 1890ల తరువాత జెలటిన్ పూత కాగితమూ వాడుకలోకి వచ్చింది. కాబట్టి 'దీన్ దయాళ్ ఛాయాచిత్రం' అని మాత్రమే పేర్కొనడం, ప్రతి సంఖ్య చెప్పకుండా తాళపత్రాన్ని ఉదాహరించడం వంటిదే.

3. తెల్లసొన ముద్ర తయారైన తీరు:

తెల్లసొన కాగితాన్ని 1850లో ఫ్రాన్సు దేశస్థుడు బ్లాంకార్ ఎవ్రార్ ప్రకటించాడు. తరువాతి నాలుగు దశాబ్దాలు ప్రపంచమంతటా ఫోటో అంటే దాదాపు ఇదే. గుడ్ల తెల్లసొనలో కొద్దిగా ఉప్పు కలిపి, నురగ వచ్చేలా గిలకొట్టి, నిలవనిచ్చి వడగడతారు. పలచని కాగితాన్ని దానిపై తేల్చి ఆరబెడతారు. ఈ దశ వరకు కాగితానికి వెలుతురు తగిలినా ప్రమాదం లేదు. వాడబోయేముందు పసుపు దీపపు వెలుగులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలిస్తే, ఉప్పుతో వెండి కలిసి సిల్వర్ క్లోరైడ్ ఏర్పడుతుంది. అప్పుడే కాగితానికి వెలుతురును గ్రహించే గుణం వస్తుంది.

ఆరిన కాగితాన్ని గాజు నెగటివ్‌కు ఆనించి, చెక్క చట్రంలో బిగించి ఎండలో పెడతారు. డెవలపర్ అవసరం లేదు. బొమ్మ ఎండలోనే తేలుతుంది. చట్రం వెనుక తలుపు రెండు ముక్కలుగా ఉండటం వల్ల ఒక సగాన్ని తెరిచి బొమ్మ ఎంత తేలిందో చూసుకోవచ్చు. తరువాత కడిగి, గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే ఇటుక ఎరుపు వంగపండు ఛాయకు మారుతుంది. హైపోలో ఉంచి మిగిలిన వెండి లవణాన్ని తొలగించి, చాలాసేపు నీటిలో కడిగి, దళసరి అట్టకు అంటిస్తారు. నెగటివ్ ఎంతుంటే ముద్ర అంతే. పెద్ద చిత్రం కావాలంటే పెద్ద గాజుపలకనే మోసుకుపోవాలి.

ఈ కాగితం వెనుక పెద్ద పరిశ్రమ ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరం దానికి కేంద్రం. అక్కడి ఒక్క కర్మాగారమే 1888లో 18,674 రీముల కాగితం తయారుచేసింది. రీముకు 27 డజన్ల గుడ్ల చొప్పున లెక్కవేస్తే 60 లక్షలకు పైగా గుడ్లు. గుడ్లు పగలగొట్టి సొన వేరుచేసే పనిలోనూ, పూత పనిలోనూ స్త్రీలు ఎక్కువగా ఉండేవారు. తెల్లసొన పూసిన కాగితాన్ని ఇలా కొనుక్కోవడం, వెండి పూత మాత్రం స్టూడియోలోనే వేసుకోవడం ఆనాటి సాధారణ పద్ధతి. వెండి పూసిన కాగితం వేడికి త్వరగా పసుపెక్కుతుంది. కాబట్టి ఏ రోజు పూత ఆ రోజే వాడుకోవాలి. దక్కను వేసవిలో ఇది ఎంత ఒత్తిడితో కూడిన పనో ఊహించవచ్చు.

4. పద్ధతి అర్థాన్ని మార్చే తీరు:

4.1 ఆకాశం: ఆనాటి సాధారణ ఫలకాలు నీలం, ఊదా కాంతిని ఎక్కువగా గ్రహిస్తాయి, ఎరుపును దాదాపు గ్రహించవు. భవనానికి సరిపోయే సమయం ఇచ్చేసరికి నీలాకాశం ఫలకాన్ని నిండా నల్లబరిచేది. ముద్రలో అది తెల్లగా దిగేది. మచ్చలు కనిపించకుండా నెగటివ్ మీద ఆకాశ భాగాన్ని రంగుతో మూసివేయడమూ ఉండేది. కాబట్టి ఫలక్‌నుమా మీది తెల్లని ఆకాశాన్ని మేఘరహిత దినానికి సాక్ష్యంగా తీసుకోరాదు. అదే కారణం వల్ల ఎర్రని దుస్తులు, తివాసీలు నల్లగా కనిపిస్తాయి. సభికుల దుస్తుల రంగు గురించి ఈ చిత్రాల ఆధారంగా తీర్పు చెప్పడం ప్రమాదకరం.

4.2 గదుల వెలుగునీడలు: ప్రాసాదాల లోపలి గదుల చిత్రాలకు ఇది మరింత ముఖ్యం. ఎండలో తేలే కాగితానికి ఒక ప్రత్యేక గుణం ఉంది. నీడ భాగాల్లో ముందుగా ఏర్పడిన వెండి తన కింది పొరకు తానే తెరలా అడ్డుపడుతుంది. దానితో నీడలు నల్లబడే వేగం తగ్గుతుంది. ఈలోగా వెలుగు భాగాల్లోని వివరాలు తేలుతాయి. ఈ గుణాన్ని దృష్టిలో ఉంచుకొని ఛాయాగ్రాహకులు నెగటివ్‌లను గాఢంగా తయారుచేసేవారు. అటువంటి నెగటివ్‌ను తరువాతి కాలపు జెలటిన్ కాగితంపై ముద్రించినా, సవరణ లేకుండా స్కాన్ చేసినా కిటికీలు తెల్లగా మండిపోయి, మూలలు చీకటిగా మారతాయి. ఆ ప్రతిని చూసి 'గది చీకటిగా ఉండేది' అని రాస్తే, అది గది లక్షణం కాదు, ప్రతి దోషం.

4.3 పసుపు ఛాయ: పాత ఫోటో అనగానే మనకు పసుపు గోధుమ రంగు గుర్తుకొస్తుంది. నేడు కొత్త చిత్రాలకు కూడా ఆ రంగు పులిమి 'పాతకాలపు' రూపం ఇస్తున్నారు. కాని దీన్ దయాళ్ అందించిన ముద్రలో తెలుపు తెలుపుగానే, నలుపు వంగపండు ఛాయతో నిండుగా ఉండేది. తెల్లసొనలో చిక్కుకున్న వెండి, సొనలోని మాంసకృత్తులలో జరిగే మార్పులు, గాలిలోని తేమ కలిసి దానిని పసుపు చేశాయి. లేత భాగాల్లోని వివరాలు మొదట మాయమవుతాయి. 1855లోనే లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫోటోలు వెలిసిపోవడంపై విచారణ సంఘాన్ని నియమించిందంటే ఈ ఆందోళన ఎంత పాతదో తెలుస్తుంది. నేటి పసుపు ఛాయాగ్రాహకుని ఉద్దేశం కాదు. అది కాలం రాసిన ప్రక్షిప్తం.

5. అభ్యాసానికి ప్రవేశమార్గం:

పై అంశాలు చదివితే తెలుస్తాయి. చేసి చూస్తే పట్టుబడతాయి. రసాయనశాస్త్ర నేపథ్యం లేని సాహిత్య, చరిత్ర పరిశోధకులకు సులభమైనదానితో మొదలుపెట్టి మూడు మెట్లలో సాగడం అనుకూలం.

5.1 నీలిముద్ర: సయనోటైప్ అని పిలిచే ఈ పద్ధతిని 1842లో సర్ జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు ముద్రలతో గ్రంథం వెలువరించడం మొదలుపెట్టింది. ఇందులో వెండి లేదు, ఇనుప లవణాలే. 100 మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, వేరొక 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్ కరిగించాలి. రెండింటిని సమానంగా కలిపి, నీడపట్టున కుంచెతో కాగితానికి పూసి, చీకటిలో ఆరబెట్టాలి. తొలి ప్రయత్నానికి నెగటివ్ కూడా అక్కర్లేదు. ఒక వేపరెమ్మను కాగితంపై పరచి, గాజుతో అదిమి, ఎండలో పెడితే చాలు. పసుపుపచ్చ పూత నీలమై, ఆపై బూడిద రంగుకు తిరిగినప్పుడు తీసి, పసుపు పూర్తిగా పోయేవరకు నీటితో కడగాలి. ఒక రోజులో నీలం చిక్కబడుతుంది.

ఇంజనీరింగ్ కార్యాలయాల్లో నక్షాలకు నకళ్లు తీసింది ఈ పద్ధతిలోనే. నేటి తెలుగు పత్రికలు ప్రణాళిక అన్న అర్థంలో 'బ్లూప్రింట్' అని రాస్తున్నప్పుడు, ఆ మాటలో మిగిలింది ఈ నీలమే.

ఇక్కడ నీటి సమస్యను గుర్తించాలి. నగరంలో చాలాచోట్ల బోరు నీరు కఠినజలం. నీలిముద్రకు క్షారం పడదు, రంగు వెలిసిపోతుంది. ద్రావణాలకు బ్యాటరీ దుకాణాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడి, కడిగే తొలి నీటిలో కొన్ని చుక్కల వెనిగర్ కలిపితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. సున్నపు పదార్థం కలిపిన కాగితాలను ఈ పద్ధతికి వాడకపోవడం మంచిది.

5.2 ఉప్పుకాగితం: 1830లలో టాల్బట్ రూపొందించిన ఈ పద్ధతి తెల్లసొన ముద్రకు పూర్వరూపం. నూటికి రెండు పాళ్ల ఉప్పునీటిలో కాగితాన్ని నానబెట్టి ఆరబెట్టాలి. దానిపై నూటికి పది నుంచి పన్నెండు పాళ్ల సిల్వర్ నైట్రేట్ ద్రావణం పూయాలి. ఇప్పుడు నెగటివ్ కావాలి. డిజిటల్ చిత్రాన్ని తిరగేసి పారదర్శక ఫిల్ముపై ముద్రించుకుంటే సరిపోతుంది. అసలు గాజు నెగటివ్‌లను ఇటువంటి అభ్యాసానికి ఎన్నడూ వాడరాదు. నీడలు ముందుగా నల్లబడి ఆగిపోవడం, వెలుగు భాగాలు నెమ్మదిగా అందుకోవడం ఈ మెట్టులో కంటికి కనిపిస్తుంది. హైపోలో ముంచగానే బొమ్మ పలచబడటమూ తెలుస్తుంది. అందుకే కావలసినదానికన్నా నల్లగా తేలేవరకు ఎండలో ఉంచాలి. కొళాయి నీటిలో క్లోరైడ్ ఉంటే వెండి పాలలా విరిగిపోతుంది కనుక ఇక్కడా డిస్టిల్డ్ వాటరే శరణ్యం.

5.3 తెల్లసొన ముద్ర: పై రెండూ చేతికి వచ్చాక మూడవ మెట్టు ఎక్కవచ్చు. ఒకే నెగటివ్‌ను ఉప్పుకాగితంపైనా, తెల్లసొన కాగితంపైనా ముద్రించి పక్కపక్కన పెడితే తెల్లసొన ఎందుకు నెగ్గిందో అర్థమవుతుంది. మొదటిదానిలో బొమ్మ కాగితం నారలోకి ఇంకిపోతుంది. రెండవదానిలో పైపొరలో నిలిచి, ఇటుక సందులు, కిటికీ చెక్కడాలు కూడా స్ఫుటంగా తేలుతాయి. కట్టడాలను చిత్రించినవారికి కావలసింది అదే.

సిల్వర్ నైట్రేట్ చర్మాన్ని నల్లబరుస్తుంది, కంటికి హాని చేస్తుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఫెర్రిసయనైడ్‌ను గాఢ ఆమ్లాలకు దూరంగా ఉంచాలి. వెండి కలిసిన వ్యర్థజలాన్ని కాలువలో పోయరాదు. కార్బన్, గమ్ ముద్రలకు వాడే డైక్రోమేట్ క్యాన్సర్ కారకం కనుక తొలి అభ్యాసానికి ఆ పద్ధతులు తగవు.

6. పేరు లేని చేతులు:

స్వయంగా ఒక ముద్ర తయారుచేసినవారికి వెంటనే తోచే ప్రశ్న ఒకటుంది. ఇన్ని దశల పనిని ఒక్క ఛాయాగ్రాహకుడు చేయగలడా? పూత పూసినవారు, చట్రాలను ఎండకు తిప్పినవారు, నీళ్లు మోసి కడిగినవారు, అట్టకు అంటించినవారు వేరే ఉండాలి. ముద్ర కింద కనిపించేది స్టూడియో పేరు మాత్రమే.

1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో నెలకొల్పిన జెనానా స్టూడియో ఈ ప్రశ్నను మరింత స్పష్టం చేస్తుంది. ఘోషా పాటించే స్త్రీలను చిత్రించేందుకు ఎత్తైన గోడల మధ్య ఏర్పాటుచేసిన ఆ స్టూడియోకు పురుషులకు ప్రవేశం లేదు. శ్రీమతి కెన్నీ లెవిక్ దానిని నిర్వహించారు. ఆమెకు సహాయకులుగా ఉన్నది స్థానిక స్త్రీలే. కెమెరా పట్టిన ఆంగ్ల వనిత పేరు చరిత్రకెక్కింది. ఆమె పక్కన పనిచేసిన స్త్రీల పేర్లు ఎక్కలేదు. డ్రెస్డెన్‌లో గుడ్లు పగలగొట్టిన స్త్రీల స్థితీ ఇదే. పద్ధతి తెలియని పరిశోధకునికి ఈ మౌనం కనిపించదు. ఎన్ని చేతుల పని ఉందో తెలిసినవారికే ఎన్ని పేర్లు లేవో తెలుస్తుంది.

7. పరిభాష:

అరబ్బీ మూలమైన 'ముసవ్విర్' అంటే రూపకర్త, చిత్రకారుడు. కొత్త కళకు పాత మాటతోనే గౌరవం దక్కింది. తెలుగులో 'ఛాయాచిత్రం' స్థిరపడింది. సంస్కృతంలో ఛాయకు నీడ అన్న అర్థంతో పాటు కాంతి, ప్రతిబింబం అన్న అర్థాలూ ఉన్నాయి. నెగటివ్‌లోని నీడ ముద్రలో వెలుగుగా మారే ఈ ప్రక్రియకు అంతకన్నా తగిన మాట దొరకదు. కాని ముద్రణ పద్ధతులను వేరుచేసి చెప్పే పదాలు వాడుకలో స్థిరపడలేదు. ఈ వ్యాసంలో వాడిన నీలిముద్ర, ఉప్పుకాగితం, తెల్లసొన ముద్ర అన్నవి ఆ దిశగా ప్రతిపాదనలు.

చిత్రం కింద పద్ధతి పేరు రాసే అలవాటు ఏర్పడాలంటే గుర్తింపు లక్షణాలూ తెలియాలి. భూతద్దంలో కాగితపు నార కనిపిస్తూ, పసుపెక్కిన పలచని కాగితం అట్టకు అంటించి ఉంటే అది తెల్లసొన ముద్ర కావచ్చు. నార కనిపించక, అంచుల్లో వెండిలా మెరిస్తే జెలటిన్ ముద్ర. నల్లని భాగాలు స్వల్పంగా ఉబ్బెత్తుగా ఉంటే కార్బన్ ముద్ర. చుక్కలుగా విడిపోతే అది ఫోటో కాదు, బ్లాకుతో వేసిన అచ్చు. పాత తెలుగు పత్రికలు, పుస్తకాల్లోని రచయితల చిత్రాల్లో అధికభాగం ఈ చివరి కోవలోవే.

ముగింపు:

• ఛాయాచిత్రాన్ని ఆకరంగా వాడేటప్పుడు నెగటివ్, ఆనాటి ముద్ర, తరువాతి ప్రతి అన్న మూడింటిని వేరుగా పేర్కొనాలి.

• కట్టడాల పైని తెల్లని ఆకాశం, గదుల చీకటి, పసుపు ఛాయ చరిత్ర వాస్తవాలు కావు. అవి ఫలకం, ప్రతి, కాలం కలిగించిన మార్పులు.

• నీలిముద్ర, ఉప్పుకాగితం, తెల్లసొన ముద్ర అన్న క్రమంలో అభ్యాసం చేస్తే ఈ భేదాలు పరిశోధకునికి ప్రత్యక్షంగా తెలుస్తాయి. మొదటి మెట్టుకు కావలసిన సామగ్రి స్వల్పం. కళాశాల స్థాయిలోనే నేర్పవచ్చు.

• స్టూడియో పేరు వెనుక ఉన్న శ్రామికుల, ముఖ్యంగా స్త్రీల, పాత్రపై విడిగా పరిశోధన జరగాలి.

• తాళపత్రానికి పరిష్కర్త చూపే శ్రద్ధను గాజుపలకకూ, దానినుంచి దిగిన ముద్రకూ చూపినప్పుడే ఫలక్‌నుమా వంటి ప్రాసాదాల దృశ్యచరిత్ర విశ్వసనీయమవుతుంది.